వార్తల్లో పదం: కంపారిజన్ మైక్రోస్కోప్

కాల్పుల కేసుల వార్తల్లో ‘తూటాను ల్యాబ్‌కు పంపారు’ అని చదువుతుంటాం. అక్కడ దాన్ని పరీక్షించేది కంపారిజన్ మైక్రోస్కోప్. అంటే ఆప్టికల్ బ్రిడ్జితో కలిపిన రెండు మైక్రోస్కోపులు. ఘటనా స్థలంలో దొరికిన తూటాను ఒకవైపు, అనుమానిత తుపాకీతో ల్యాబ్‌లో పేల్చిన తూటాను మరోవైపు పెడతారు. ఒకే దృశ్యంలో, నడుమ గీతకు అటూ ఇటూ రెండూ కనిపిస్తాయి. తుపాకీ గొట్టం వాటిపై వదిలిన గీతలు కలుస్తున్నాయా అన్నదే ప్రశ్న. 1920ల్లో అమెరికాలో ఫిలిప్ గ్రావెల్, కాల్విన్ గొడార్డ్ దీన్ని తుపాకీ కేసుల్లోకి తెచ్చారు.

అసలు కీలకం వెలుతురు. నేరుగా పైనుంచి పడితే లోహం మెరిసి గీతలు కనబడవు. పక్కనుంచి ఏటవాలుగా పడితే, సాయంత్రపు ఎండలో దుక్కి చాళ్లలా నీడలతో తేలతాయి. ఫైబర్ ఆప్టిక్ దీపం సన్నని కిరణాన్నిస్తుంది. పొడవాటి ట్యూబులైటు తూటా వంపు మీద మెరుపును తగ్గిస్తుంది. ఏది వాడినా రెండువైపులా కోణం, తీవ్రత, రంగు, మాగ్నిఫికేషన్ ఒక్కటిగా ఉండాలి. లేకుంటే ఒకే తుపాకీ గుర్తులు కూడా వేరుగా తోస్తాయి.

తెలంగాణ రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉంది. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 39 కింద నిపుణుల అభిప్రాయాన్ని కోర్టు పరిశీలిస్తుంది; నిర్ణయం మాత్రం న్యాయమూర్తిదే. ఏ వెలుతురులో, ఏ కోణంలో పోల్చారని క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిపుణుణ్ని అడగొచ్చు.