లెక్కలూ, ఆదేశాలూ ఒకే ఇంట్లో!

కంప్యూటర్ ఒకసారి లెక్కలు చేస్తుంది, మరోసారి ఉత్తరం టైపు చేస్తుంది, ఇంకోసారి చదరంగం ఆడుతుంది. పని మారిన ప్రతిసారీ లోపలి తీగలను ఎవరూ మార్చడం లేదు కదా! మరి ఒకే యంత్రానికి ఇన్ని పనులు ఎలా సాధ్యం?

ఒకప్పుడు తీగలు మార్చవలసే వచ్చేది. 1946లో అమెరికాలో ప్రజలకు చూపిన 'ఎనియాక్' సెకనుకు 5,000 కూడికలు చేయగలిగేది. కాని దానికి కొత్త రకం లెక్క అప్పగించాలంటే తీగలు పీకి వేరే చోట గుచ్చాలి, మీటలు మార్చాలి. ఇందుకు రోజులు పట్టేవి!

దీనికి విరుగుడు ఏమిటి? సంఖ్యలను దాచే మెమరీలోనే ఆదేశాలను కూడా సంఖ్యల రూపంలో దాచడం. ఇలా ఎలక్ట్రానిక్ మెమరీలో దాచిన ప్రోగ్రామును నడిపిన మొదటి యంత్రం ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో తయారైంది. విలియమ్స్, కిల్‌బర్న్, టూటిల్ అనే శాస్త్రజ్ఞులు నిర్మించిన దాని ముద్దుపేరు 'బేబీ'.

బేబీ మెమరీ పాత టెలివిజన్ పిక్చర్ ట్యూబు వంటి గాజు గొట్టం. తెరపై విద్యుదావేశపు చుక్కలే 0, 1 అంకెలు. 32 వరసలు, వరసకు 32 చుక్కలు. అంతే! ఆ చుక్కలు ఇట్టే చెరిగిపోతాయి కనుక యంత్రం వాటిని చదివి తిరిగి రాస్తూనే ఉండేది.

ఇక ప్రాసెసర్. దాని దగ్గర ఒక పలక, ఒక వేలు ఉన్నాయనుకోండి. పలకమీద ప్రస్తుతం చేస్తున్న లెక్క ఉంటుంది. ఏ వరసలోని ఆదేశం చదవాలో వేలు చూపుతుంది. ప్రాసెసర్ ఆ ఆదేశాన్ని తెచ్చుకుంటుంది, అర్థం చేసుకుంటుంది, అమలు చేస్తుంది, వేలిని తర్వాతి వరసకు జరుపుతుంది.

20వ వరసలో 25, 21వ వరసలో 17 ఉన్నాయి. వాటిని కూడాలి. తమాషా ఏమిటంటే బేబీకి కూడిక రాదు. తీసివేత, గుర్తు మార్చడం మాత్రమే వచ్చు! అయినా ఎలా సాధించిందో చూడండి:

1. 20వ వరస సంఖ్యను గుర్తు మార్చి పలకమీదికి తే. (పలకపై −25)
2. 21వ వరస సంఖ్యను తీసివెయ్యి. (−42)
3. పలకమీది సంఖ్యను 22వ వరసలో రాయి.
4. 22వ వరస సంఖ్యను గుర్తు మార్చి తే. (42)
5. దాన్ని 22వ వరసలో రాయి.
6. ఆగు.

ఆరో ఆదేశం లేకపోతే ఏమవుతుంది? మెమరీలో 'ఇది ఆదేశం, ఇది లెక్క' అనే గుర్తులేవీ ఉండవు. వేలు ముందుకు పోయి 20వ వరస చేరితే, ప్రాసెసర్ అక్కడి 25ను కూడా ఆదేశమనే అనుకుంటుంది. దాని భాషలో అది '25వ వరసలో రాసి ఉన్న చోటికి వెళ్లు' అనే ఆజ్ఞ! ఇక యంత్రం దారి తప్పినట్లే. ఏది ఎక్కడ ఉంచాలో, ఎక్కడ ఆగాలో ఆలోచించవలసింది ప్రోగ్రాము రాసే మనిషే.

1948 జూన్ 21న బేబీ తన మొదటి ప్రోగ్రామును నడిపింది. అందులో 17 ఆదేశాలు. ఇచ్చిన సంఖ్యకు, ఆ సంఖ్య కాక, అతి పెద్ద భాజకం ఏదో కనుక్కోవడం దాని పని. 2,62,144 ఇచ్చినప్పుడు 52 నిమిషాలు శ్రమించి 1,31,072 అని సరిగ్గా చెప్పింది. సంఖ్య మార్చాలన్నా, ప్రోగ్రామే మార్చాలన్నా తెరమీది చుక్కలు మార్చితే చాలు. తీగ ముట్టనక్కర లేదు!

బేబీ సెకనుకు వెయ్యి ఆదేశాలైనా పూర్తి చేయలేకపోయేది. నేటి ప్రాసెసర్లు సెకనుకు వందల కోట్లు చేస్తాయి. ఒకేసారి కొన్నింటిని కలిపి కూడా చేస్తాయి. కాని మెమరీలోంచి ఆదేశాన్ని తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అమలు చేయడం అన్న మూల సూత్రం మాత్రం మారలేదు.

ఇప్పుడు మీ వంతు. పైన వాడిన ఆదేశాలతోనే 50లోంచి 8 తీసివేసే ప్రోగ్రాము రాయండి. 50ను తేగానే పలకపై −50 అవుతుందని మరచిపోకండి. కిటుకంతా అక్కడే ఉంది!