మీకు తెలుసా? పాలూ మాంసమూ లేని క్రైస్తవ భోజనం

ముక్క లేనిదే ముద్ద దిగనివాళ్ళు మన సంఘాల్లో తక్కువేం కాదు. ప్రేమవిందు అంటే బిర్యానీయే. క్రిస్మస్ అంటే ముందురోజు రాత్రే అల్లం వెల్లుల్లి నూరి పెట్టుకోవాలి. అలాంటి చోట ఎవరైనా "మాంసం మానేశాను, గుడ్డూ పాలూ పెరుగూ కూడా ముట్టను, వీగన్‌ని" అంటే మొదటి ప్రశ్న "ఒంట్లో బాగోలేదా?" అని. రెండోది "ఇదెక్కడి కొత్త పద్ధతి?" అని. మొదటిదానికి ఎవరి జవాబు వాళ్ళు చెప్పుకోవాలి. రెండోదానికి జవాబు మాత్రం చరిత్రలో చాలానే ఉంది.

బైబిలు మొదటి పేజీలో మాంసం లేదు

ఆదికాండం మొదటి అధ్యాయం 29వ వచనంలో దేవుడు మనిషికి ఆహారంగా ఇచ్చినవి విత్తనాలిచ్చే మొక్కలు, పండ్ల చెట్లు. తర్వాతి వచనంలో జంతువులకూ పక్షులకూ పచ్చని మొక్కలే. మాంసానికి అనుమతి దొరికేది తొమ్మిదో అధ్యాయంలో, జలప్రళయం తీసిన తర్వాత నోవహుకు. అదీ రక్తంతో తినకూడదన్న షరతు మీద. ఇక యెషయా పదకొండో అధ్యాయం రాబోయే శాంతి రాజ్యాన్ని చెబుతూ సింహం చేత కూడా గడ్డి మేయిస్తుంది. వీగన్ క్రైస్తవుల వాదనంతా ఈ రెండు కొసల మీదే నిలబడింది. మొదట అలా ఉండేది, చివర అలా ఉండబోతుంది, మధ్యలో మాంసం ఒక రాయితీ మాత్రమే అంటారు వాళ్ళు. ఒప్పుకోవడం మానడం చదివేవారి ఇష్టం. బైబిలు బయటి నుంచి అరువు తెచ్చిన వాదన అని మాత్రం అనలేం.

దానియేలు అడిగింది పది రోజుల గడువు

బబులోను రాజు పంపే భోజనమూ ద్రాక్షారసమూ వద్దని దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు శాకధాన్యాలూ మంచినీళ్ళూ అడిగారు. పది రోజులు చూసి అప్పుడు చెప్పమన్నారు. గడువు తీరేసరికి రాజుగారి తిండి తిన్న కుర్రాళ్ళకంటే వీళ్ళ ముఖాలే కళకళలాడుతున్నాయి. ఈ కథను ఆరోగ్య ప్రసంగంగా చెప్పేవాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. దానియేలు ఆలోచించింది ఆరోగ్యం గురించి కాదు, జంతువుల మీద జాలి గురించి అంతకన్నా కాదు. రాజుగారి బల్ల మీది తిండితో అపవిత్రం కాకూడదన్నదే అతని పట్టుదల.

అమెరికాలో ఇప్పుడు "దానియేలు ఉపవాసం" అనేది 21 రోజులు చేస్తారు. ఆ లెక్క అదే గ్రంథం పదో అధ్యాయంలో అతను మూడు వారాలు మాంసమూ ద్రాక్షారసమూ మానిన చోటి నుంచి వచ్చింది. మెంఫిస్ యూనివర్సిటీ పరిశోధకులు 43 మంది చేత ఇది చేయించి 2010లో ఫలితాలు ప్రచురించారు. రక్తపోటు తగ్గింది, చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గింది. మంచి కొలెస్ట్రాల్ కూడా కొంత తగ్గింది. ఈ చివరి ముక్క ప్రసంగాల్లో వినిపించదు.

ఏడాదిలో సగం రోజులు వీగన్‌గా ఉండే సంఘం

ఇథియోపియా ఆర్థడాక్స్ తెవాహెదో సంఘం సంగతి చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం అన్యాయం. నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవ్యం రాజమతమైన నేల అది. అక్కడ ఉపవాసమంటే మాంసం, పాలు, వెన్న, గుడ్లు, అన్నీ బంద్. పస్కా (ఈస్టర్) తర్వాతి యాభై రోజులు తప్పించి ప్రతి బుధవారం, ప్రతి శుక్రవారం ఉపవాసమే. పస్కాకు ముందు మహోపవాసం 55 రోజులు. క్రిస్మస్‌కు ముందు మరో వరస, ఆగస్టులో మరియమ్మ పేరు మీద ఇంకొకటి. అన్నీ కలిపితే మామూలు విశ్వాసికి 180 రోజుల దాకా వస్తాయి. గురువులకు, సన్యాసులకు 250 దాకా. నిష్ఠగా ఉండేవాళ్ళు మధ్యాహ్నం దాటేదాకా మంచినీళ్ళు కూడా ముట్టరు. మహోపవాసం రోజుల్లో అడిస్ అబాబాలో చాలా మాంసం కొట్లు మూతపడతాయి.

మరి తినేదేమిటి? టెఫ్ అనే సన్నటి చిరుధాన్యం పిండి పులియబెట్టి, మన అట్టులా పెద్ద పెనం మీద పోసే ఇంజెరా. దాని మీద శనగపిండితో చేసే షిరో, ఎర్ర కందిపప్పు కూర, క్యాబేజీ, ఆకుకూర, బీట్‌రూట్. ఒక్కో కూర ఒక్కో రంగులో పళ్ళెం నిండా పేర్చి పెడతారు. మామూలు రోజుల్లో కూరలకు వేసే మసాలా నెయ్యి ఉపవాసంలో పనికిరాదు కాబట్టి నూనె కావాలి. ఆ నూనెల్లో ముఖ్యమైనది నూగ్. పేరు వింటే తెలియకపోవచ్చు కాని మొక్కను మీరు చూసే ఉంటారు. శీతాకాలం మొదలవుతుండగా అరకులోయలో కొండవాలంతా పసుపు పరిచే వలిసెపూలు అవే. ఆ పంటకు పుట్టిల్లు ఇథియోపియా కొండసీమ. మనవాళ్ళు వాటిలో నిలబడి సెల్ఫీలు దిగుతుంటే, అక్కడివాళ్ళు అవే గింజల నూనెతో ఉపవాసపు కూరలు వండుతున్నారు.

ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవులదీ ఇదే దారి. ఏడాదికి 200 రోజులు పైబడే ఉపవాసాలు, కొన్ని ఉపవాసాల్లో మాత్రం చేపకు సెలవు ఉంది. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, టమాటా పులుసు, పైన వేయించిన ఉల్లిపాయలు కలిపే కోషరీ కైరో వీధుల్లో మతభేదం లేకుండా అందరూ తింటారు. ఉపవాసంలో ఉన్న కోప్టులకు అది చేతికందిన భోజనం. గ్రీసులో పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఈస్టర్‌కు ముందు ఉపవాసకాలమైన లెంట్‌లో చేప కూడదు గాని రొయ్యలు, ఆక్టోపస్ తినొచ్చు, వాటిలో ఎర్ర రక్తం లేదని. మన కోస్తావాళ్ళు వింటే వెంటనే ఆ సంఘంలో చేరిపోతారు.

వెన్న తినడానికి డబ్బు కట్టి లేపిన గోపురం

మధ్యయుగపు పశ్చిమ యూరప్‌లోనూ లెంట్‌లో చాలా చోట్ల పాలు, వెన్న నిషిద్ధం. సంపన్నుల వంటశాలల్లో అప్పుడు పాల బదులు బాదం పాలు. ఇవాళ సూపర్ మార్కెట్‌లో కొత్త ఫ్యాషన్‌లా కనిపించే డబ్బాకు ఆరేడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఉత్తర ఫ్రాన్స్‌లో ఆలివ్ నూనె దొరకదు, వెన్న లేకపోతే పూట గడవదు. అందుకని రువాన్ నగరంలో డబ్బు చెల్లించినవాళ్ళకు లెంట్‌లో వెన్న తినే అనుమతి ఇచ్చారు. ఆ వసూళ్ళతోనే కథీడ్రల్‌కు కట్టిన గోపురాన్ని ఇప్పటికీ వెన్న గోపురమనే పిలుస్తారు. అదే రోజుల్లో, 1490 ప్రాంతంలో, జర్మనీలోని సాక్సనీ వాళ్ళు క్రిస్మస్ రొట్టె స్టోలెన్‌లో వెన్న వేసుకోవడానికి పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు.

ఈ వెన్న బేరం మీద మార్టిన్ లూథర్ 1520లోనే మండిపడ్డాడు. జర్మన్ ప్రభువర్గానికి రాసిన ప్రసిద్ధ లేఖలో దీన్ని పేరుపెట్టి ఎత్తిపొడిచాడు. ఉపవాసం మంచిదే గాని, దాన్ని నిబంధన చేసి మినహాయింపులు అమ్మడమేమిటన్నది ఆయన బాధ. మన తెలుగునేలకు వచ్చిన మిషనరీలు చాలామంది ఈ వైపువాళ్ళే. 1842లో గుంటూరు చేరిన హేయర్ దొర లూథరన్. నెల్లూరులో పాతుకున్నవాళ్ళు బాప్టిస్టులు. మన శ్రమదినాల్లో ఉపవాస ప్రార్థన ఉంటుంది, సాయంత్రం కూడికలుంటాయి, వంటింటికి మాత్రం పెద్దగా కట్టుబాట్లు లేవు. కారణం చాలావరకు ఈ వారసత్వమేనని నా అంచనా. కథోలికులు విభూది బుధవారం, శుక్రవారాలు మాంసం మానతారు గాని పాలూ పెరుగూ జోలికి వెళ్ళరు.

పక్కనే ఉన్న కేరళలో మాత్రం పాత తూర్పు సంప్రదాయం బతికే ఉంది. సిరియన్ క్రైస్తవ కుటుంబాల్లో ఈస్టర్‌కు ముందు యాభై నోంబు, క్రిస్మస్‌కు ముందు ఇరవై అయిదు నోంబు. నిష్ఠగా పట్టేవాళ్ళు మాంసం, చేప, గుడ్లు, పాలు అన్నీ వదిలేస్తారు. మట్టల ఆదివారానికి ముందు శనివారం కొళుక్కట్ట చేస్తారు. బియ్యప్పిండిలో కొబ్బరీ బెల్లమూ పెట్టి ఆవిరి మీద ఉడికించే కుడుములే అవి. పెద్ద గురువారం రాత్రి ఇంటి పెద్ద పులియని పెసహా అప్పం విరిచి పంచుతాడు. దానితో తాగేది కొబ్బరిపాలు, బెల్లం కలిపిన పానకం. ఒక్క చుక్క ఆవుపాలు లేని ప్రభురాత్రి భోజనం.

అయితే ఇదంతా జీవకారుణ్యం కాదు

నిజం చెప్పుకోవాలి. ఇథియోపియాలో 55 రోజులు మాంసం మానిన మనిషి పస్కా అర్ధరాత్రి కోడికూరతో ఉపవాసం విడుస్తాడు. పాత సంఘాల ఉపవాసం నాలుకను అదుపు చేసుకోవడానికి, కోడి ప్రాణం కాపాడటానికి కాదు. జంతువు పక్షాన మాట్లాడే క్రైస్తవ్యం వేరే దారిన వచ్చింది.

ఇంగ్లండులో సాల్ఫర్డ్ పట్టణపు పాదిరి విలియం కౌహర్డ్ 1809లో తన బైబిల్ క్రిస్టియన్ సంఘ సభ్యులకు మాంసం మానాలని నియమం పెట్టాడు. ఆ సంఘస్థుడు జోసెఫ్ బ్రదర్టన్ తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1847లో వెజిటేరియన్ సొసైటీ పుట్టిన సభకు అధ్యక్షుడు ఆయనే. భార్య మార్తా 1812లోనే మాంసం లేని వంటల పుస్తకం తెచ్చింది. వెన్న, గుడ్లు మాత్రం అందులో దండిగా ఉన్నాయి.

1824లో లండన్‌లో జంతుహింస నివారణ సంఘం మొదలుపెట్టినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. సంఘం అప్పులకు ఆయన జైలుకు కూడా వెళ్ళాడు. బానిసత్వం మీద పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ సంఘ స్థాపకుల్లో ఒకడు. ఆ తర్వాత కార్యదర్శి అయినవాడు లూయిస్ గాంపర్ట్జ్. మాంసం, పాలు, గుడ్లు ముట్టడు. గుర్రాన్ని కష్టపెట్టకూడదని బండి కూడా ఎక్కడు. వీగన్ అనే పేరు 1944లో పుట్టకముందే నూరేళ్ళ కిందటి వీగన్ అన్నమాట. ఆయన యూదుడు. ఇది క్రైస్తవ సూత్రాల మీద నడిచే సంఘమని మిగతావాళ్ళు తీర్మానించేసరికి ఆయన బయటికి రావలసి వచ్చింది. అందరికంటే ఎక్కువ కరుణ చూపించినవాణ్ని మతం పేరుతో పంపేశారు. ఈ కథ చెప్పుకునేటప్పుడు క్రైస్తవులు ఈ పేజీ కూడా చదవాలి.

కార్న్‌ఫ్లేక్స్ వెనక ఒక సంఘం

ఆరోగ్యమనే మూడో దారి సెవెంత్ డే అడ్వెంటిస్టులది. 1863లో ఏర్పడిన ఈ సంఘానికి స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ తొలి రోజుల నుంచే శాకాహారం బోధించింది. వాళ్ళ బ్యాటిల్ క్రీక్ ఆరోగ్యశాలలోనే డాక్టర్ కెల్లాగ్ 1890ల్లో ధాన్యపు అటుకులు కనిపెట్టాడు. అడ్వెంటిస్టు మిషనరీ డాక్టర్ హ్యారీ మిల్లర్ 1936లో షాంఘైలో సోయాపాల ఫ్యాక్టరీ పెట్టాడు. మరుసటి ఏడే యుద్ధంలో బాంబులు పడి అది పోయింది. నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి కూడా ఈ సంఘానిదే.

కాలిఫోర్నియాలో లోమా లిండా కేంద్రంగా 2002లో మొదలైన అధ్యయనంలో 96,000 మంది అడ్వెంటిస్టులు ఉన్నారు. అందులో వీగన్లలో మధుమేహం 2.9 శాతం మందికి ఉంటే, మాంసం తినేవాళ్ళలో 7.6 శాతం మందికి ఉంది. వీగన్లు సన్నగా కూడా ఉంటారు కాబట్టి తేడా అంతా తిండి వల్లే అనుకోవద్దు. కాని రెండు గుంపులూ ఒకే సంఘంవాళ్ళు, చాలావరకు సిగరెట్, మందు ముట్టనివాళ్ళు. అందుకే ఈ పోలికకు విలువ.

బి12 మరిచిపోతే?

మరిచిపోకూడదు. పాలూ గుడ్డూ కూడా మానినవాళ్ళు బి12 విటమిన్ మాత్ర వేసుకోవాల్సిందే. బి12ను తయారుచేసేది బాక్టీరియా వంటి సూక్ష్మజీవులు మాత్రమే, నమ్మదగినంతగా ఏ ఆకులోనూ ఉండదు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే గాని అది లేకపోతే నరాలు దెబ్బతింటాయి. ఇందులో ఒక మెలిక ఉంది. వీగన్ భోజనంలో ఆకుకూరలూ పప్పులూ ఎక్కువ కాబట్టి ఫోలిక్ ఆమ్లం పుష్కలం. దానివల్ల రక్తహీనత బయటపడకుండా కప్పబడిపోయి, లోపల నరాలు పాడవుతూనే ఉండొచ్చు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కాల్షియంకు మాత్రం మనకు బెంగ లేదు. నూరు గ్రాముల ఆవుపాలలో 120 మిల్లీగ్రాములుంటే, నూరు గ్రాముల రాగుల్లో దాదాపు 350.

ఇంకో మాట కూడా ఉంది

లూకా సువార్త చివర్లో పునరుత్థానుడైన యేసు కాల్చిన చేప తిన్నాడు. అన్ని రకాల జంతువులనూ చంపుకుని తినమంటూ పేతురుకు కలిగిన దర్శనం సంగతి ఆదివారం బడి పిల్లలకు కూడా తెలుసు. రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు తినేవాడు తిననివాణ్ని చులకన చేయకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని ఇద్దరికీ కలిపి చెప్పాడు. బిర్యానీ వాళ్ళు మొదటి సగం మరిచిపోతారు, వీగన్లు రెండో సగం.

ఆకుపచ్చ చుక్క చాలదు

మన ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్కకు అర్థం శాకాహారమని. అందులో పాలు, నెయ్యి, తేనె ఉండొచ్చు. వీగన్ ఆహారానికి వేరే గుర్తు ఉంది. ఆకు మొలిచిన ఆకుపచ్చ వి అక్షరం అది, 2022 నిబంధనలతో వచ్చింది. క్రిస్మస్‌కు గుడ్డు లేని ప్లమ్ కేక్ తెచ్చి వీగన్ చుట్టానికి పెడితే, అందులో వెన్నా పాలపొడీ ఉండే అవకాశమే ఎక్కువ. గులాబీ పువ్వుల్లో చాలామంది గుడ్డు కలుపుతారు. అరిసెలైతే బియ్యప్పిండి, బెల్లం, నువ్వులే కాబట్టి దిగులు లేదు. పాకంలో నెయ్యి వేశారా, నూనె వేశారా అన్నది మాత్రం వండినవాళ్ళను అడగాలి.