కెగెల్ గాడ్జెట్లు: యాప్ స్కోర్‌ని ట్రైనర్లు ఎంతవరకు నమ్మొచ్చు?

జిమ్‌లో జంపింగ్ జాక్స్ మొదలవగానే కొందరు ఆడవాళ్లు మెల్లగా బాత్రూమ్ వైపు వెళ్లిపోతారు. కాన్పు తర్వాత గెంతినా, తుమ్మినా యూరిన్ లీకవడం చాలామందికి ఉండేదే. ట్రైనర్‌కి మాత్రం చెప్పరు. దీనికిప్పుడు బ్లూటూత్ కెగెల్ ట్రైనర్లు వచ్చాయి. లోపల పెట్టుకుని కండరం బిగిస్తే ఫోన్‌లో గేమ్ కదులుతుంది.

ఐడియా పాతదే. అమెరికన్ గైనకాలజిస్ట్ ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే గాలి ఒత్తిడితో కొలిచే పెరినియోమీటర్ గురించి రాశారు. చిక్కు కూడా అప్పటిదే: ప్రెజర్ సెన్సర్‌కి దిశ తెలీదు. కండరాన్ని పైకి లాగినా, ఊపిరి బిగబట్టి కిందికి ముక్కినా రీడింగ్ పెరుగుతుంది. రెండోది చేస్తే ఉన్న సమస్య ముదరొచ్చు, యాప్ మాత్రం పాయింట్లు ఇచ్చేస్తుంది! మా కోడింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇన్‌పుటే తప్పు. ఎల్వీ ట్రైనర్‌లో ఫోర్స్ సెన్సర్‌తో పాటు యాక్సిలరోమీటర్ పెట్టింది అందుకే. కొనేముందు స్పెక్స్‌లో ముందుగా చూడాల్సింది ఇదే.

ట్రైనర్లకైతే గాడ్జెట్ కంటే శ్వాస ముఖ్యం. గాలి పీల్చినప్పుడు డయాఫ్రమ్‌తో పాటు పెల్విక్ ఫ్లోర్ కిందికి దిగుతుంది, వదిలినప్పుడు పైకొస్తుంది. స్క్వాట్‌లో లేచేటప్పుడు గాలి వదలమనేది అందుకే. ఇంకోటి, ఈ కండరాలు బిగుసుకుపోయిన వాళ్లూ ఉంటారు. అక్కడ నొప్పి, యూరిన్ సాఫీగా రావట్లేదు అంటే కెగెల్స్ ఆపించి పెల్విక్ ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపండి. గేమ్ స్కోర్‌లో ఆ తేడా కనపడదు. నోటితో అడగడం ఇబ్బందైతే జాయినింగ్ ఫారమ్‌లో మోకాలి నొప్పి పక్కనే లీకేజ్‌కీ ఒక టిక్ బాక్స్ పెట్టండి.