అలూఫ్: ఓడ దిగి వచ్చిన మాట

సిబ్బంది వార్షిక నివేదికల్లో ‘అలూఫ్’ అన్న మాట నాకు అప్పుడప్పుడు తగులుతుంది. ఎవరితోనూ కలవడు, అంటీముట్టనట్టు ఉంటాడు అని భావం. ఆ ఒక్క మాటకు ప్రమోషన్ ఆగినా ఆగవచ్చు!

నిజానికి ఇది ఓడవాళ్ల మాట. ‘లూఫ్’ అంటే గాలి వీచే వైపు. డచ్చి భాష నుంచి వచ్చిందంటారు. గాలి ఓడను ఒడ్డుకేసి నెడితే రాళ్లకు కొట్టుకుంటుంది. అందుకే ముందుభాగాన్ని గాలికి ఎదురుగా తిప్పి, తీరానికి ఎడంగా ఉంచమని చుక్కాని పట్టినవాడికి ఇచ్చే ఆజ్ఞ అది. 16వ శతాబ్దానికే ‘దూరంగా’ అనే క్రియావిశేషణమైంది. మనుషుల స్వభావానికి అంటుకున్నది తర్వాతే.

‘స్టాండ్ అలూఫ్’లో పాత అర్థమే ఉంది: కావాలని ఎడంగా నిలబడడం. బంధువు రుణ దరఖాస్తు టేబుల్ మీదికొస్తే మేనేజరు చేయవలసింది అదే.