పాఠశాల క్రికెట్ జట్టు – వార్షిక సమీక్ష

ఉద్దేశం: గెలుపోటముల వెనుక ఉన్న కారణాలను పరిశీలించే పద్ధతిని తెలియజేయడం, అంకెలను సరిగా చదివే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

'సమీక్ష' అనే పదానికి చక్కగా చూడటం అని అర్థం. 'సమ్' అనే ఉపసర్గకు 'ఈక్ష' చేరగా ఈ పదం ఏర్పడింది. జరిగినదాన్ని జరిగినట్లు చూసి, ఎందుకు జరిగిందో తెలుసుకొని, ఇకమీదట ఏమి చేయాలో నిర్ణయించుకోవడం సమీక్ష లక్షణం. నూర్పిళ్ళు ముగిశాక రైతు ఎన్ని బస్తాలు వచ్చాయో లెక్కవేసుకొని ఊరుకోడు. ఏ చెక్కలో దిగుబడి తగ్గింది, నీరు అందకపోవడం వల్లనా, తెగులు సోకడం వల్లనా అని ఆలోచిస్తాడు. మరుసటి ఏటి సేద్యం ఆ ఆలోచన మీదనే ఆధారపడి ఉంటుంది. ఆటగాళ్ళకు కూడా ఈ న్యాయమే వర్తిస్తుంది.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని నెమలి గ్రామం వేణుగోపాలస్వామి ఆలయంతో ప్రసిద్ధి పొందింది. అటువంటి ఒక పల్లెలోని ఉన్నత పాఠశాల క్రికెట్ జట్టును ఉదాహరణగా ఊహించుకుందాం. జూన్ నెలలో బడి తెరిచాక జట్టు కూడుతుంది. మార్చిలో పరీక్షలు దగ్గరపడేసరికి ఆట ఆగిపోతుంది. ఈ నడుమ మండల, జిల్లా స్థాయి పోటీలు జరుగుతాయి. 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడల సమాఖ్య 14, 17, 19 ఏళ్ళలోపు వారికి వేరువేరుగా పోటీలు నిర్వహిస్తుంది. గ్రామీణ జట్టుకు ఏడాదిలో దొరికే మ్యాచ్‌లు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే. పైగా పదవ తరగతి పూర్తిచేసినవారు ఏటా బడి విడిచి వెళ్ళిపోతారు. ఈ ఏడాది జట్టు నేర్చుకున్న విషయాలు కాగితం మీద లేకపోతే, రాబోయే జట్టు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది. అందువల్ల పాఠశాల జట్టుకు వ్రాతపూర్వకమైన సమీక్ష పెద్ద జట్లకంటే ఎక్కువ అవసరం.

సమీక్షకు మూలాధారం స్కోరు పుస్తకం. అందులో ప్రతి బంతికీ ఒక గుర్తు ఉంటుంది. పరుగు రాని బంతికి చుక్క పెడతారు. చూసేవారికి ఫోర్లు, సిక్సర్లు గుర్తుంటాయి, చుక్కలు గుర్తుండవు. ఇరవై ఓవర్ల ఇన్నింగ్స్‌లో 120 బంతులు ఉంటాయి. వాటిలో 75 చుక్కలు ఉన్నాయనుకుందాం. అప్పుడు జట్టు పరుగులన్నీ మిగిలిన 45 బంతులలోనే వచ్చినట్లు. ఆ జట్టుకు కావలసింది మరింత బలంగా కొట్టడం కన్నా, బంతిని ఖాళీలోకి నెట్టి ఒక్కొక్క పరుగు తీయడం. బౌలర్లు వేసిన వైడ్ల సంగతి కూడా ఇటువంటిదే. ప్రతి వైడూ ప్రత్యర్థికి ఒక పరుగు ఇచ్చి, మరొక బంతి ఆడే అవకాశాన్ని కూడా ఇస్తుంది. చుక్కలను, వైడ్లను కూడి చూస్తే చాలు, సాధన దేనిమీద సాగాలో సగం తెలిసిపోతుంది.

అయితే అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త వహించాలి. ఒక ఆటగాడు ఐదు ఇన్నింగ్స్‌లలో వరుసగా 78, 4, 0, 6, 2 పరుగులు చేశాడనుకుందాం. మరొకడు 20, 16, 19, 14, 21 చేశాడు. ఇద్దరూ ఐదుసార్లూ ఔటయ్యారు. ఇద్దరి మొత్తమూ 90, ఇద్దరి సగటూ 18. కాని వీరిద్దరూ ఒకేరకమైన ఆటగాళ్ళు కారు. మొదటివాడు ఒక్కరోజు జట్టును గెలిపించగలిగాడు, తక్కిన నాలుగు రోజులూ త్వరగా వెనుదిరిగాడు. రెండవవాడు ప్రతిసారీ నిలదొక్కుకున్నాడు, కాని పెద్ద స్కోరు చేయలేకపోయాడు. మొదటివానికి ఆరంభంలో ఓర్పు నేర్పాలి, రెండవవానికి కుదురుకున్నాక ఆటను ముందుకు నడిపించడం నేర్పాలి. సగటు ఒక్కటే చూసే ఉపాధ్యాయుడు ఇద్దరికీ ఒకే మాట చెబుతాడు. అది ఇద్దరికీ ఉపకరించదు.

ఒక్క మ్యాచ్‌ను చూసి ఆటగాడి భవిష్యత్తును నిర్ణయించడం కూడా సరికాదు. 1988 ఫిబ్రవరిలో ముంబయిలో హారిస్ షీల్డ్ అంతర పాఠశాల పోటీలో శారదాశ్రమ్ పాఠశాల తరఫున సచిన్ టెండూల్కర్, వినోద్ కాంబ్లి విడిపోకుండా 664 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పారు. ఆనాడు సచిన్ చేసినవి 326, కాంబ్లి చేసినవి 349. ఇరవై ఒక్క నెలలకు సచిన్ భారత జట్టులో టెస్టు ఆడాడు. చివరకు అతడు 200 టెస్టులు ఆడగా, ఆ రోజున అతనికంటే ఎక్కువ పరుగులు చేసిన కాంబ్లి 17 టెస్టులతో ఆగిపోయాడు. ఒకనాటి స్కోరు ప్రతిభ ఉన్నదని చెప్పగలదు కాని, అది ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేదు.

ఆ 664 పరుగుల రికార్డును తిరగరాసినవారు తెలుగు నేలమీది బడిపిల్లలే. 2006 నవంబరు 15న సికింద్రాబాదులో 13 ఏళ్ళలోపు బాలుర అంతర పాఠశాల పోటీలో సెయింట్ పీటర్స్ ఉన్నత పాఠశాల జట్టు 40 ఓవర్లలో ఒక్క వికెట్టు కూడా కోల్పోకుండా 721 పరుగులు చేసింది. ఇద్దరు ప్రారంభ ఆటగాళ్ళూ త్రిశతకాలు సాధించి అజేయంగా నిలిచారు. ప్రత్యర్థి జట్టు 21 పరుగులకే ఆలౌటైంది. తేడా సరిగ్గా 700 పరుగులు. ఆ బాలుర నైపుణ్యం మెచ్చదగినది. కాని సమీక్ష చేసేవారు రెండవ జట్టును కూడా చూడాలి. నలభై ఓవర్లపాటు ఒక్క వికెట్టు కూడా పడకుండా బంతులు వేసి, వెంటనే బ్యాటు పట్టుకొని వచ్చిన ఆ పిల్లలు ఆ రోజు ఆటనుంచి ఏమి నేర్చుకొని ఉంటారు? గెలిచిన జట్టులో బ్యాటు పట్టే అవసరమే కలగని తొమ్మిదిమంది సంగతేమిటి? సమవుజ్జీల నడుమ జరిగిన మ్యాచ్ ఇరువురికీ పాఠం చెబుతుంది. బలాబలాలలో పొంతన లేని మ్యాచ్ పట్టికలో ఒక గెలుపుగా, ఒక ఓటమిగా మిగిలిపోతుంది.

ఓటములన్నీ కూడా ఒకే తీరువి కావు. ఇందుకు ఆంధ్ర రంజీ జట్టు ఆడిన రెండు సీజన్లు మంచి నిదర్శనాలు. 2022-23లో, 2023-24లో ఆ జట్టు క్వార్టర్ ఫైనల్లో ఓడింది. రెండుసార్లూ ప్రత్యర్థి మధ్యప్రదేశ్, రెండుసార్లూ వేదిక ఇండోర్. పట్టికలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. స్కోరు పుస్తకం తెరిస్తే తేడా తెలుస్తుంది. మొదటి ఏడాది ఆంధ్ర తొలి ఇన్నింగ్స్‌లో 379 పరుగులు చేసి, ప్రత్యర్థిని 228కే కట్టడి చేసింది. 151 పరుగుల ఆధిక్యం లభించినా, రెండవ ఇన్నింగ్స్‌లో 93కే కుప్పకూలింది. మధ్యప్రదేశ్ 245 పరుగుల లక్ష్యాన్ని ఐదు వికెట్ల నష్టానికి చేరుకుంది. అక్కడ లోపం ఒక్క ఇన్నింగ్స్‌లో స్పష్టంగా కనబడుతున్నది. రెండవ ఏడాది కథ వేరు. తొలి ఇన్నింగ్స్‌లో 62 పరుగులు వెనుకబడిన ఆంధ్ర, బౌలర్ల ప్రతిభతో ప్రత్యర్థిని రెండవ ఇన్నింగ్స్‌లో 107కే ఆలౌట్ చేసింది. 170 పరుగుల లక్ష్యంతో ఆడి 165 వద్ద ఆగిపోయింది. కేవలం నాలుగు పరుగుల తేడాతో ఓడింది. ఆ సీజన్లో రంజీ ట్రోఫీ మొత్తంమీద అత్యధికంగా 902 పరుగులు చేసినవాడు ఆంధ్ర ఆటగాడు రికీ భుయ్ కావడం గమనార్హం.

నాలుగు పరుగుల ఓటమి తరువాత అందరి చూపూ చివరగా ఔటైన ఆటగాడి మీదకు పోతుంది. పాఠశాల జట్టులో ఇది మరింత ప్రమాదకరం. ఆ నాలుగు పరుగులు మొదటి గంటలో వేసిన వైడ్లలో పోయి ఉండవచ్చు, తీయని సింగిల్స్‌లో పోయి ఉండవచ్చు, చేజారిన ఒక క్యాచ్‌లో పోయి ఉండవచ్చు. అందరి లోపాలూ కలిసి చివరివాని తలమీద పడటం అన్యాయం. పద్నాలుగేళ్ళ బాలుడు 'నీవల్లనే ఓడాము' అన్న ఒక్క మాటకు ఆటకే దూరం కావచ్చు. కారణాన్ని వెదకడం, దోషిని వెదకడం ఒకటి కావని సమీక్షకుడు గుర్తుంచుకోవాలి.

స్కోరు పుస్తకంలోకి పూర్తిగా ఎక్కని విషయాలు కూడా ఉంటాయి. 2023లో జరిగిన ఆ ఇండోర్ మ్యాచ్‌లో ఆంధ్ర సారథి హనుమ విహారి 16 పరుగుల వద్ద ఉండగా బంతి తగిలి మణికట్టు ఎముక విరిగింది. అతడు మైదానం విడిచి వెళ్ళాడు. తొమ్మిది వికెట్లు పడ్డాక తిరిగి వచ్చాడు. కుడిచేతివాటం ఆటగాడైనప్పటికీ, గాయపడిన చేతిని కాపాడుకోవడానికి ఎడమచేతివాటంగా నిలబడి, ఒంటిచేత్తో బంతులను ఎదుర్కొన్నాడు. పుస్తకంలో అతని పేరు ఎదుట 27 అనే అంకె మాత్రమే ఉంటుంది. పాఠశాల జట్టులో కూడా ఇటువంటివారు ఉంటారు. పరుగెత్తి ఫోర్లను ఆపినవారు, పొద్దున్నే వచ్చి పిచ్ చదును చేసినవారు, ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాకపోయినా సాధనలో రోజూ బంతులు వేసినవారు. వీరి పేర్లు లేని సమీక్ష అసంపూర్ణం.

కాబట్టి జట్టు సమీక్ష ఒక క్రమంలో సాగాలి. మొదట ఆడిన మ్యాచ్‌ల వివరాలు తేదీలతో సహా వ్రాయాలి. తరువాత ప్రతి మ్యాచ్‌లో ఆట మలుపు తిరిగిన ఘట్టాన్ని గుర్తించాలి. ఆటగాళ్ళ అంకెలను సగటుతోనే సరిపెట్టక, ఇన్నింగ్స్ వారీగా పరిశీలించాలి. అంకెలకు అందని కృషిని మాటలలో నమోదు చేయాలి. చివరగా రాబోయే జట్టు సాధన చేయవలసిన రెండు మూడు అంశాలను స్పష్టంగా సూచించాలి. ఈ పని ఉపాధ్యాయుడు ఒక్కడే చేయడం కంటే ఆటగాళ్ళందరూ కూర్చుని చేయడం మేలు. తన లోపాన్ని తానే గుర్తించినవాడు దాన్ని త్వరగా దిద్దుకుంటాడు.

కప్పు గెలిచిన జట్టుకు అల్మరాలో ఒక గుర్తు మిగులుతుంది. సక్రమమైన సమీక్ష వ్రాసుకున్న జట్టు, గెలిచినా ఓడినా, తనకంటే కొంత మెరుగైన జట్టును వెనుక నిలిపి వెళుతుంది. ఒక పాఠశాల తన తరువాతి తరానికి ఇవ్వగల విలువైన బహుమతి అదే.

ప్రశ్నలు

1. సగటు ఒక్కటే ఆటగాడి సామర్థ్యాన్ని ఎందుకు తెలుపలేదో ఉదాహరణతో వివరించండి.

2. ఆంధ్ర రంజీ జట్టు రెండు ఓటముల మధ్య గల భేదాన్ని తెలపండి.

3. మీ కళాశాల జట్టు ఆడిన ఒక మ్యాచ్‌పై సమీక్ష వ్రాయండి.