విరేచనాలకు కూల్‌డ్రింక్: మందుల షాపు వదిలినా వదలని అపోహ

కోకా-కోలా మందుల షాపులో పుట్టింది. అమెరికాలోని అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే ఫార్మసిస్టు 1886లో దాన్ని తయారు చేశాడు. అంతకుముందు అతను కోకా ఆకు సారాన్ని వైన్‌లో కలిపి బలానికి మందుగా అమ్మేవాడు. ఊళ్లో మద్యనిషేధం రావడంతో వైన్ తీసేసి చక్కెర పాకం పెట్టాడు. ఆ పాకాన్ని సోడాలో కలిపి జేకబ్స్ ఫార్మసీలో గ్లాసు 5 సెంట్లకు అమ్మారు. తలనొప్పి తగ్గుతుందని, నరాల నీరసం పోతుందని, మెదడుకు బలమని తొలినాటి ప్రకటనలు ఊదరగొట్టాయి. సోడానీళ్లను కూడా వైద్యంగానే చూసిన కాలం కాబట్టి జనం నమ్మారు.

ఆ ప్రకటనల్ని కంపెనీ ఎప్పుడో వదిలేసింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధ ఖర్చుల కోసం అమెరికా ప్రభుత్వం మందుల మీద పన్ను వేసినప్పుడు, తమది మందు కాదు, పానీయం మాత్రమేనని కంపెనీయే కోర్టుకెక్కి గెలిచింది. అమ్మేవాళ్లే మందు కాదన్నదాన్ని ఇప్పటికీ మందని పిల్లల నోట్లో పోస్తున్నారు. నీళ్ల విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి కూల్‌డ్రింక్ తెచ్చి, గ్యాస్ పోయేదాకా గిలకొట్టి, చిటికెడు ఉప్పు వేసి తాగిస్తే ‘శక్తి వస్తుంది, కడుపు కుదుటపడుతుంది’ అనే సలహా చుట్టుపక్కల వాళ్లు చెబుతారు, ఫోన్లలోనూ తిరుగుతుంది. ఈ ఒక్క అపోహ చేసే చెరుపు ముందు మిగతావన్నీ చిన్నవే.

విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీరూ లవణాలూ పోవడమే. చిన్నపేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. గ్లూకోజు, లవణాలు కలిపిన నీళ్లయిన ఓఆర్‌ఎస్ పనిచేసేది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు ఉంటాయి. లీటరు కోలాలో చక్కెరే 100 గ్రాములు దాటుతుంది; సోడియం, పొటాషియం దాదాపు లేనట్టే. అంత చిక్కటి తీపి పేగులోకి చేరితే, దాన్ని పలచబరచడానికి రక్తంలోని నీరు పేగులోకి వస్తుంది. విరేచనం పెరుగుతుంది, బిడ్డ ఇంకా ఎండిపోతాడు. గిలకొడితే పోయేది గ్యాసే, చక్కెర కాదు. చిటికెడు ఉప్పుతో ఆ పాళ్లు సరికావు.

ఓఆర్‌ఎస్ సత్తా ఏమిటో 1971లోనే తేలింది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, ఎక్కించడానికి సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, లవణాలు కలిపిన నీళ్లను బంధువుల చేతే రోగులకు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. ఇంత చవకైన మందు చేతికందే దూరంలో ఉండగా పిల్లలకు కోలా పట్టడం క్షమించరానిది.

బిర్యానీ తిన్నాక కోలా తాగితే అరుగుతుందన్నదీ ఈ నమ్మకానికి తోబుట్టువే. వచ్చే తేన్పు అప్పుడే తాగిన సీసాలోని కార్బన్ డయాక్సైడ్‌ది. తేన్పు వచ్చినంత మాత్రాన తిన్నది అరిగినట్టు కాదు.

కోకా-కోలాలో కొకైన్ ఉండేదన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. కోకా ఆకు సారంతో పాటు తొలినాళ్లలో అదీ ఉండేది. ఆకులోంచి కొకైన్ తీసేసి రుచి కోసమే వాడటం 20వ శతాబ్దం తొలి ఏళ్లలో మొదలైంది. నేటి సీసాకు ఆ నింద అంటదు.

మిగతా అపోహలు ఒకట్రెండు వాక్యాలకు మించి అక్కర్లేనివి. రాత్రి కోలాలో వేసిన పన్ను తెల్లారేసరికి కరిగిపోదు, అయితే రోజూ తాగితే అందులోని ఆమ్లం పంటి ఎనామెల్‌ను తినేస్తుంది. కూల్‌డ్రింకుల్లో హెచ్‌ఐవీ రక్తం కలిపారంటూ హైదరాబాద్ పోలీసుల పేరుతో తిరిగే సందేశం పచ్చి అబద్ధం. పోలీసులే దాన్ని ఖండించారు, హెచ్‌ఐవీ తిండి ద్వారా, పానీయాల ద్వారా సోకదు. 1977లో మన ప్రభుత్వం కోకా-కోలాను నిషేధించలేదు. విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోమన్న చట్టానికి ఒప్పుకోక కంపెనీయే వెళ్లిపోయి 1993లో తిరిగొచ్చింది. థమ్సప్ దాని విదేశీ సరుకేమీ కాదు, ఆ ఖాళీలో పార్లే సంస్థ ఇక్కడే పుట్టించింది.

మళ్లీ విరేచనాల సంగతికొస్తే, ఓఆర్‌ఎస్ కొనేటప్పుడూ జాగ్రత్త తప్పదు. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాల మీద ఆ పేరు వేసి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పానీయాలపై ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. కాబట్టి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి తీసుకోవాలి. దాని మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్నే, కాచి చల్లార్చినవి, కొలిచి పోయాలి. సగం ప్యాకెట్ దాచుకోవడం, ఇంకాస్త చక్కెర కలపడం కూడదు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మి.లీ., పైవాళ్లకు 100 నుంచి 200 మి.లీ. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. అన్నం తినే పిల్లలకు ఉప్పు వేసిన గంజి, మజ్జిగ ఇవ్వచ్చు. జింక్ మందు 14 రోజులు వాడాలి. మోతాదు డాక్టర్ చెబుతారు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా ఇంట్లో ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దారిలోనూ ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండాలి.