టర్కీకోడి: పుంజేది? పెట్టయేది?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016వ సంవత్సరమున ఏర్పడినవి. అంతకు పూర్వము వాని భూభాగములో పెక్కుపాలు వరంగల్లు జిల్లాలో చేరియుండెను. ఈ ప్రాంతపు పల్లెలలో పెరటికోళ్లను పెంచుట తరతరములుగా వచ్చుచున్న అలవాటు. నాటుకోళ్లతో పాటు టర్కీకోళ్లను పెంచువారును అక్కడక్కడ కలరు.

నాటుకోళ్లలో పుంజేదో పెట్టయేదో పల్లెటూరి పసివాడైనను చెప్పగలడు. టర్కీకోళ్ల విషయమున అది అంత సులభము కాదు. లేతవయసున రెండును ఒకే తీరుగ కనబడును. ఇచట పొరపడినచో కలుగు నష్టము చిన్నది కాదు. ఒక పేద కుటుంబము కూడబెట్టిన సొమ్ముతో అంగడిలో ఆరు పిల్లలను కొన్నదనుకొందము. ఇంటిల్లిపాదియు వానికి గింజలు చల్లి, కుక్కల బారినుండియు పిల్లుల బారినుండియు కాపాడి ఆరేడు నెలలు పెంచిరి. ఆరును పుంజులే అయినచో గ్రుడ్ల మాటయే లేదు. పైగా అవి తమలో తాము పోరాడి గాయపడును. ఆరును పెట్టలే అయినచో గ్రుడ్లు పెట్టును గాని, పుంజుతో కలియని పెట్ట గ్రుడ్లు పొదుగుటకు పనికిరావు. నాటుకోడి గ్రుడ్డు 21 దినములలో పిల్లయగును. టర్కీకోడి గ్రుడ్డునకు 28 దినములు కావలెను. అన్ని దినములు పెట్ట ఓపికతో కూర్చుండినను ఫలము శూన్యమగును. అయిదు పెట్టలకు ఒక పుంజు చొప్పున పెంచుట వాడుక. అందుచేత కొనునప్పుడే రెంటిని గుర్తింప నేర్చుట మేలు.

ఈ పక్షి పేరు టర్కీ దేశమును తలపించినను, దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. సుమారు 2000 సంవత్సరములకు పూర్వమే మెక్సికో ప్రాంతపు ప్రజలు దీనిని మచ్చిక చేసిరి. 16వ శతాబ్దారంభమున స్పెయిను దేశీయులు దీనిని ఐరోపాకు కొనిపోయిరి. విచిత్రమేమనగా, టర్కీ దేశీయులు దీనిని ‘హిందీ’ అని పిలుతురు. 1612వ సంవత్సరమున ముకర్రబ్ ఖాన్ అను ఉద్యోగి గోవానుండి జహంగీరు చక్రవర్తికి కొనివచ్చిన వింతలలో ఈ పక్షి యొకటి. చక్రవర్తి దానిని శ్రద్ధతో పరిశీలించి తన గ్రంథమున వర్ణించెను; ఆస్థాన చిత్రకారుడు మన్సూరు దాని రూపమును చిత్రించెను. పక్షి తలయు మెడయు ఒకప్పుడు పగడమువలె ఎఱ్ఱనై, మఱియొకప్పుడు దూదివలె తెల్లనగుటయు, ముక్కుపైని కండ ఏనుగు తొండమువలె వ్రేలాడుటయు ఆయనను ఆశ్చర్యపరచెను. ఆయన చూచినది పుంజని ఆ వర్ణనయే తెలుపుచున్నది.

ఆ తొండమే మొదటి గుర్తు. పుంజు ఉద్రేకము చెందినపుడు ముక్కుపైని కండ సాగి ముక్కును దాటి క్రిందికి వ్రేలాడును, శాంతించినపుడు కుఱుచయగును. పెట్టకును ఈ కండ కలదు గాని అది ఎప్పుడును చిన్నదిగనే యుండును. పుంజు తలయు మెడయు బోడివై, పెద్ద పెద్ద కండబుడిపెలతో నిండియుండును. చర్మములోని రక్తనాళములు విప్పారుట చేతను ముడుచుకొనుట చేతను అచటి రంగులు మారుచుండును. పెట్ట తలమీద సన్నని ఈకలు కొంత ఎక్కువ, బుడిపెలు తక్కువ.

రెండవ గుర్తు ఱొమ్మునుండి వ్రేలాడు ముతక వెండ్రుకల కుచ్చు. ఇది పుంజులలో సుమారు అయిదవ నెలలో పైకి కనబడ నారంభించును. అయితే కొన్ని పెట్టలకును ఇట్టి కుచ్చు పుట్టును. కనుక దీనినొక్కదానినే నమ్మరాదు.

మూడవది ఱొమ్ము ఈకల రంగు. కంచురంగు జాతిలో పుంజు ఱొమ్ము నల్లగా నిగనిగలాడును. పెట్ట ఱొమ్ము ఈకలకు తెల్లని అంచులుండును. పూర్తిగా తెల్లనైన జాతిలో ఈ పరీక్ష చెల్లదు.

నాలుగవది శరీర నిర్మాణము. ఒకే ఈడు పక్షులలో పుంజు పెట్టకంటె బరువైనది. దాని కాళ్లు పొడవుగను లావుగను ఉండును. ఎదిగిన పుంజు కాలి వెనుక ముల్లు పొడుచుకొని వచ్చును. పెట్టకు అది సాధారణముగ ఉండదు.

అయిదవది నడవడి. తోకను విసనకఱ్ఱవలె విప్పి, రెక్కలను నేలకు రాచుచు, ఠీవితో తిరుగుట పుంజు స్వభావము. కాని చిన్నపిల్లలు ఆడవైనను మగవైనను ఆటగా ఇట్లు చేయును. పెట్టలును ఒక్కొక్కప్పుడు తోక విప్పును. కూత ఇంతకంటె నమ్మదగిన గుర్తు. దూరమునకు వినబడునట్లు గొబగొబమని కూయునది పుంజే. పెట్ట పొట్టిపొట్టి కూతలు మాత్రమే కూయును.

ఒక్క దినపు పిల్లలలో ఈ గుర్తులేవియు కానరావు. పిల్లలను పొదిగించు కేంద్రములలో శిక్షణ పొందినవారు పిల్ల మలద్వారమును సున్నితముగ తెఱచి పరీక్షించి చెప్పుదురు. నేర్పు లేనివారు అట్లు చేసినచో పిల్లకు హాని కలుగును. అట్టివారు అయిదారు నెలల పక్షులను కొనుట మంచిది. అప్పుడైనను గంపలో ముడుచుకొని, కాళ్లు కట్టబడియున్న పక్షిని చూచి తొందరపడరాదు. అది కూయదు, తోక విప్పదు. దానిని బయట విడిపించి, కొంతసేపు తోడిపక్షులతో తిరుగనిచ్చి చూడవలెను.

ఒక్కొక్క గుర్తు ఒక్కొక్కప్పుడు మోసగింపవచ్చును గాని, అన్నియు కలిసి మోసగించుట అరుదు. తల, ఱొమ్ము, కాళ్లు, కూత అను నాలుగింటిని కలిపి చూచి కొనినచో, ఆ పేద కుటుంబపు పెరటిలో ఒక పుంజును అయిదు పెట్టలును తిరుగాడును. పొదుగుటకు కూర్చున్న పెట్ట శ్రమయు వృథా కాదు.